యముడు నవ్విస్తాడు, సైంటిస్టు ఎందుకు నవ్వించడు?

టైమ్‌మెషిన్ తాతయ్య | శనివారం, రాత్రి 9:40

నిన్న ఇంట్లో పిల్లలకి యమలీల పెట్టాను. 1994 సినిమా. యమలోకం సెట్టు చూసి ఎగతాళి చేస్తారని ముందే సిద్ధపడ్డాను, చేశారు కూడా. కానీ భవిష్యవాణి పుస్తకం పోగొట్టుకుని యముడూ చిత్రగుప్తుడూ భూమ్మీదికి దిగి, శక్తులేవీ పనిచెయ్యక బిక్కమొహాలేసుకుని తిరగడం మొదలయ్యాక ఒక్కరూ సోఫా దిగలేదు.

ఇదే పిల్లలు పోయిన వారం ఓ కొత్త సైన్స్ ఫిక్షన్ సినిమాని సగంలో ఆపేశారు. పేరు చెప్పను, ఎవరి అభిమానులో వచ్చి నా మీద పడతారు. అందులోనూ కామెడీ ఉంది. అంటే, కమెడియన్ ఉన్నాడు. సైంటిస్టు బోర్డు మీద గీతలు గీసి పది నిమిషాలు క్లాసు పీకుతాడు. పక్కనున్న కమెడియన్ "ఒక్క ముక్క అర్థం కాలేదు సార్" అంటాడు. అదే జోకు. మళ్ళీ గీతలు, మళ్ళీ అదే జోకు.

నా అనుమానం ఒకటే. మన ఫాంటసీలో నవ్వు కథ లోపల్నుంచే పుడుతోంది. సైన్స్ ఫిక్షన్‌కి వచ్చేసరికి బయటి నుంచి తెచ్చి అతికిస్తున్నారు. యముడు అంతగా నవ్విస్తుంటే సైంటిస్టుకి ఏమొచ్చింది? మీరేమంటారు?

సెకండాఫ్ బాధితుడు | రాత్రి 9:52

సింపుల్ తాతయ్యా. యముడి వేషంలో కైకాల సత్యనారాయణ ఉన్నారు. సైంటిస్టు వేషంలో ఆయన లేరు. టాపిక్ మూసేయండి.

టైమ్‌మెషిన్ తాతయ్య | రాత్రి 10:05

నాకు నలభై దాటలేదు నాయనా, తాతయ్య అనేది ఐడీ మాత్రమే.

యమగోల (1977), యముడికి మొగుడు (1988), యమలీల, మూడింట్లోనూ యముడు ఆయనే, కాదనను. కానీ అంతకు ముందు దేవాంతకుడులో (1960) ఎస్వీ రంగారావు, ఆ తర్వాత యమదొంగలో (2007) మోహన్ బాబు కూడా నవ్వించారుగా. మనిషి మారినా కుర్చీ పనిచేస్తూనే ఉంది. కాబట్టి ఆ కుర్చీలోనే ఏదో ఉంది.

లాజిక్ పురుగు | రాత్రి 10:31

ఉంది. యముడంటే మనకి దేవుడి కన్నా ముందు ఓ ఆఫీసరు. చిత్రగుప్తుడు ఆయన దగ్గర చిట్టా రాసే గుమస్తా. చిట్టాలో ఏది ఉంటే అదే జరగాలి, మార్చే అధికారం పైవాడికీ లేదు. ఈ రూల్సేవీ సినిమా మనకి చెప్పక్కర్లేదు, టికెట్ కొనే ముందే తెలుసు. తెలిసిన రూలు కాస్త పక్కకి జరిగితే చాలు, నవ్వొస్తుంది.

యముడికి మొగుడులో గడువు తీరని మనిషిని పైకి పట్టుకొచ్చేస్తారు. అంటే ఆఫీసులో పొరపాటు. ఏ ఆఫీసైనా ఏం చేస్తుంది? తప్పు ఒప్పుకోకుండా సర్దుబాటు చూస్తుంది. ఇంకో శరీరం వెతికి అందులోకి తోసేస్తుంది. యమగోలలో అయితే హీరో ఏకంగా యమలోకంలో యూనియన్ పెట్టి సమ్మె చేయిస్తాడు. యమభటులు కూడా జీతగాళ్ళే కదా అనే ఒక్క ఆలోచన మీద అన్ని సీన్లు నడిచాయి.

టైమ్ మెషిన్‌కి అలాంటి చిట్టా మన బుర్రలో లేదు. గతంలోకి వెళ్తే ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నది దర్శకుడే చెప్పాలి. చెప్పబోతే అది క్లాసవుతుంది. క్లాసులో ఎవడు నవ్వుతాడు, వెనక బెంచీ వాడు తప్ప? ఆ వెనక బెంచీ వాడే మీరు చెప్పిన కమెడియన్.

గింబళి | రాత్రి 11:14

పురుగు గారూ, సగం ఒప్పుకుంటాను. రూలు తెలియాలి, నిజమే. ముందే తెలిసుండాలన్నది మాత్రం ఒప్పుకోను.

మాయాబజార్ (1957) తీసుకోండి. శశిరేఖ పెళ్ళి కథే వ్యాసభారతంలో లేదు. ఇక ప్రియదర్శిని పెట్టె సంగతి చూసేవాళ్ళకి ముందెలా తెలుస్తుంది? మూత తెరిచినవాళ్ళకి తమకి అన్నిటికన్నా ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. దీన్ని దర్శకుడు కె.వి. రెడ్డి ఎలా చెప్పారు? ఒక్కొక్కరి చేత మూత తెరిపించారు, అంతే. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి సంపద. అందరూ కృష్ణుడి వంతు కోసం ఎదురుచూస్తుంటే ఆయనకి పాచికలతో శకుని! నాలుగుసార్లు మూత తెరిచేసరికి ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలిసిపోయింది, ఎవరి మనసు ఏమిటో తెలిసిపోయింది, రాబోయే ముప్పు ఎటు నుంచో కూడా తెలిసిపోయింది. ఈ లోపల మనం నవ్వుకున్నాం కూడా. ఎక్కడుంది క్లాసు?

తర్వాత గింబళి, గిల్పం (నా ఐడీ ఎక్కడిదని పోయినసారి అడిగినవాళ్ళకి జవాబు). కంబళి అంటే గింబళి, తల్పం అంటే గిల్పం. మాటని కొద్దిగా తిప్పితే వస్తువు కూడా తిరగబడింది. ఆ కంబళి మీద అడుగు పెట్టినవాడికి గోక్కోవడమే పని, ఆ తల్పం మీద పడుకున్నవాడు కింద పడాల్సిందే. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పేరు పెట్టడంతోనే రూలు చెప్పేశారు. ఇక చివర్లో సత్యపీఠం. దాని మీద నిలబడినవాడి నోట నిజం తప్ప రాదు. శకుని దాని మీదికెక్కి తన గుట్టు తనే విప్పుకుంటాడు. పెట్టెలో కనిపించినవాడే పీఠం మీద దొరికిపోయాడు, చూశారా?

నా లెక్కలో అదే మన మొదటి సైన్స్ ఫిక్షన్ కామెడీ.

లాజిక్ పురుగు | రాత్రి 11:20

అందులో సైన్స్ ఎక్కడుందండీ?

గింబళి | రాత్రి 11:22

మన టైమ్ మెషిన్ సినిమాల్లో ఎక్కడుందండీ?

సెకండాఫ్ బాధితుడు | రాత్రి 11:23

😂😂 పురుగు నలిగింది

రీరిలీజ్ రాజు | ఆదివారం, ఉదయం 7:15

రాత్రంతా ఇంత జరిగిందా! నాకొకటి తట్టింది. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి, 1991లో ఆదిత్య 369. ఒకటి ఫాంటసీ, ఒకటి టైమ్ ట్రావెల్. రెండూ 2025లో మళ్ళీ థియేటర్లకి వచ్చాయి, రెండూ చూశాను. రెండింటికీ మాటలు రాసింది ఎవరో టైటిల్స్‌లో గమనించారా? జంధ్యాల! అహ నా పెళ్ళంట తీసిన మనిషి.

సెకండాఫ్ బాధితుడు | ఉదయం 7:40

అవును కదా, రెండూ సింగీతం శ్రీనివాసరావు డైరెక్షనే.

రీరిలీజ్ రాజు | ఉదయం 7:44

కాదు బ్రో. జగదేకవీరుడు అతిలోకసుందరి రాఘవేంద్రరావుది. ఆదిత్య 369 సింగీతం గారిది. మీరు జగదేకవీరుని కథతో కలపలేదు, సంతోషం. అది 1961, కె.వి. రెడ్డిది.

అసలు విషయానికొస్తే, సింగీతం గారు అప్పటికే ఒక్క మాట లేకుండా పుష్పక విమానం (1987) తీసి అందర్నీ నవ్వించినవారు. ఆదిత్య 369 అంటే ఇద్దరు నవ్వు మేస్త్రీలు కలిసి కట్టిన టైమ్ మెషిన్. సైన్స్ తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి, తర్వాత కామెడీ ట్రాక్ రాయించుకున్న సినిమా కాదు. మొదట్నుంచీ నవ్వించడం తెలిసినవాళ్ళ చేతిలోనే ఉంది.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కొట్టకండి. ఆ సినిమాలో 1526 భాగం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. 2504 భాగం మాత్రం ఎప్పుడూ చప్పగానే ఉంటుంది. ఈసారి పెద్ద తెర మీద చూసినా అంతే. రాయల కొలువులో చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా కనిపించగానే హాల్లో జనం ముందే నవ్వడానికి రెడీ అయిపోయారు. ఆయన ఇంకా నోరు తెరవలేదు! భవిష్యత్తులోకి వెళ్ళాక అదే జనం నిశ్శబ్దం.

లాజిక్ పురుగు | ఉదయం 8:30

చూశారా, నేను చెప్పింది ఇదే. రాయల కాలం మనకి యమలోకం లాంటిది. పద్యాలూ, చాటువులూ, రామకృష్ణుడి కథలూ వినే పెరిగాం. 2504కి చిట్టా లేదు.

గింబళి | ఉదయం 9:02

చిట్టా లేకపోవడం కాదు, మూత తెరవడానికి ఎవరికీ ఓ పెట్టె ఇవ్వకపోవడం. 2504లో మనుషులు దేనికి భయపడతారు, దేనికి సిగ్గుపడతారు, దేని కోసం అబద్ధాలాడతారు? అది తెలిస్తే ఆ కాలం మీద కూడా జోకులు వేసుకోవచ్చు. 1526లో హీరో ఇబ్బంది పడుతుంటే చూశాం. 2504లో వింతలు చూపిస్తుంటే చూశాం. ఇబ్బందిలో నవ్వుంది, వింతలో లేదు.

టైమ్‌మెషిన్ తాతయ్య | ఉదయం 9:30

ఇబ్బంది అన్న మాట బాగుంది. యమలీలలో యముడి పాట్లూ అంతే కదా. ఐస్‌క్రీమ్‌ని హిమక్రీమని ఆయన అంత గంభీరంగా అంటే మావాళ్ళు పొట్ట పట్టుకున్నారు. ఆయన జోకు వెయ్యట్లేదు, ఆయనకి అది మామూలు మాటే. పొద్దున్నుంచి ఇంట్లో ఫ్రిజ్ తెరిచిన ప్రతివాడూ ఆ మాటే.

బయటివాళ్ళ సినిమాల్లో నాకు గుర్తొచ్చేది బ్యాక్ టు ద ఫ్యూచర్ (1985). గతాన్ని కదిలిస్తే నువ్వే పుట్టవు అన్న చిక్కు సిద్ధాంతాన్ని ఒక ఫోటోతో చెప్పేస్తారు. జేబులో ఉన్న ఫోటోలో అన్నా అక్కా ఒక్కొక్కరే మాయమైపోతుంటారు. అది వాళ్ళ ప్రియదర్శిని అన్నమాట, గింబళి గారూ. పైగా అక్కడి సైంటిస్టు కూడా నవ్విస్తాడు, తన పిచ్చి తనకి తెలియదు కాబట్టి.

బుజ్జి ఫ్యాన్ | ఉదయం 10:10

పాత సినిమాల భజన చాలు సార్లూ. కల్కి 2898 ఏడీ (2024) సంగతేంటి? ఆ కథకి సింగీతం గారి సలహా కూడా ఉంది. హీరో భైరవ, మాట్లాడే అతని కారు బుజ్జి కొట్టుకుంటుంటే నాకు బాగానే నవ్వొచ్చింది. కారుకి కీర్తి సురేష్ గొంతు పెట్టడం సూపర్ ఐడియా.

సెకండాఫ్ బాధితుడు | ఉదయం 10:18

ఈ ఒక్క సినిమాకి నేను ఫస్టాఫ్ బాధితుణ్ణి.

లాజిక్ పురుగు | ఉదయం 10:50

బుజ్జి ఫ్యాన్, నీతో సగం ఏకీభవిస్తా. ఆ లోకంలో డబ్బు అంటే యూనిట్లు. ఉన్నవాళ్ళుండే కాంప్లెక్స్ లోపలికి వెళ్ళాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. భైరవ బతుకంతా ఆ లెక్కే. అతని పిసినారితనం మీద, అప్పుల మీద బుజ్జి ఎత్తిపొడిచినప్పుడల్లా జోకు పేలింది, ఎందుకంటే యూనిట్ల రూలు మనకి అర్థమైంది కాబట్టి. సినిమా మొత్తంలో నవ్వు లోపల్నుంచి పుట్టింది అక్కడే.

కానీ తెలిసిన దర్శకులు అతిథి వేషాల్లో వస్తుంటారే, అక్కడ హాలంతా ఈలలు. నేనూ వేశాను. వేసిన మరుక్షణం 2898 నుంచి 2024లోకి వచ్చి పడ్డాను. రాజమౌళిని చూసి నవ్వాలంటే బయటున్న రాజమౌళి ఎవరో తెలియాలి. ఆ లోకంలో ఉన్నవాడెవడికీ ఆ జోకు అర్థం కాదు. మళ్ళీ ఆ సినిమా జరిగే కాశీకి తిరిగి వెళ్ళడానికి నాకు ఓ పావుగంట పట్టింది.

బుజ్జి ఫ్యాన్ | ఉదయం 10:58

ఈల వేసి మళ్ళీ కంప్లయింటా? 😀

లాజిక్ పురుగు | ఉదయం 11:01

ఈల వేరు, తీర్పు వేరు.

టైమ్‌మెషిన్ తాతయ్య | ఉదయం 11:45

అతిథి వేషాల మాటొచ్చింది కాబట్టి, అదే రాజమౌళి తీసిన ఈగ (2012) గురించి మాట్లాడకపోతే ఈ థ్రెడ్‌కి పాపం చుట్టుకుంటుంది. నా దృష్టిలో ఈ పాతికేళ్ళలో ఫాంటసీలో నవ్వుని సరిగ్గా వాడిన సినిమా అదొక్కటే. కోప్పడేవాళ్ళు కోప్పడండి.

మొదలు ఎలా ఉంటుంది? ఓ చిన్నపిల్ల నాన్నని కథ చెప్పమంటుంది. అంటే, ఇది నిద్రపుచ్చే కథ, నమ్ముతారా లేదా మీ ఇష్టం అని ముందే చెప్పేశారు. చనిపోయినవాడు ఈగగా పుట్టాడు. సరే. మామూలుగా మన సినిమాల్లో అయితే ఆ ఈగకి మాటలొచ్చేస్తాయి, డైలాగులు కొడుతుంది. ఇక్కడ ఈగ ఈగలాగే ఉంటుంది. మాట్లాడదు. బలం లేదు. చేతనైందల్లా గుయ్యిమనడం, మొహం మీద వాలడం, ఎగిరిపోవడం. ఈ మూడింటితో ఒక కోటీశ్వరుణ్ణి చంపాలి!

ఆ ఇరుకులోంచే నవ్వంతా పుట్టింది. నిద్రపోనివ్వదు. ఆవిరి స్నానం గదిలోనూ వదలదు. ట్రాఫిక్ పోలీసుని విసిగించి, అతను చేతులు ఊపితే అవి సిగ్నళ్ళనుకుని బళ్ళన్నీ గుద్దుకునేట్టు చేస్తుంది. చివరికి కారు అద్దం మీద నిన్ను చంపుతానని రాస్తుంది. అక్కడ నవ్వాలో చప్పట్లు కొట్టాలో తెలియలేదు నాకు. అన్నట్టు, ఈ సినిమాలో నవ్వించేది విలన్. సుదీప్ ఎదురుగా ఏమీ లేకపోయినా గాలిని చూసి భయపడుతూ, మీద పడి కొడుతూ, తన చెంప తనే వాయించుకుంటూ చేశాడు. కమెడియన్లు పక్కన ఉన్నా సినిమాని మోసింది విలన్ భయమే.

గింబళి | ఉదయం 11:58

హీరోయిన్ బిందు సూక్ష్మ కళాకారిణి అని ముందే చూపిస్తారు, అది మర్చిపోయారు. తర్వాత ఈగకి కావలసిన చిట్టి ఆయుధాలు ఆ చేతులే తయారుచేస్తాయి. మొదట్లో ముచ్చట కోసం పెట్టారనుకున్నది తర్వాత అవసరంగా మారింది. సత్యపీఠం తరహా పని అది.

రీరిలీజ్ రాజు | మధ్యాహ్నం 12:30

హను-మాన్ (2024) ఎవరూ అనలేదేంటి? అందులోనూ శక్తికి హద్దు ఉంది. హీరోకి శక్తినిచ్చే మణి ఎండ ఉంటేనే పనిచేస్తుంది. మబ్బు పడితే హీరో మామూలు కుర్రాడు. కోతికి రవితేజ గొంతు మాత్రం నాకు కల్కి అతిథుల కేసులాగే అనిపించింది. ఆ గొంతు వినగానే తెర మీద కోతి పోయి రవితేజ కనిపించాడు.

బుజ్జి ఫ్యాన్ | మధ్యాహ్నం 12:41

అదే డైరెక్టర్ జాంబీ రెడ్డి (2021) ఇంకా నచ్చింది నాకు. జాంబీలొస్తే ఎవరైనా పారిపోతారు. ఫ్యాక్షన్ ఊళ్ళోకి వస్తే? అక్కడ ఇంటింటా కత్తులు రెడీగా ఉంటాయి 😂 ఆ ఒక్క లైను విన్నప్పుడే టికెట్ కొన్నా.

సెకండాఫ్ బాధితుడు | మధ్యాహ్నం 1:20

నేను ఎప్పుడూ జోకులేస్తానని అందరూ లైట్ తీసుకుంటారు, కానీ ఒక్కసారి సీరియస్‌గా. ఒకే ఒక జీవితం (2022) చూశారా ఎవరైనా? ముగ్గురు స్నేహితులు 1998కి వెళ్తారు. శర్వానంద్ అమ్మని కాపాడుకోవడానికి వెళ్తాడు. వెన్నెల కిశోర్ మాత్రం చిన్నప్పటి తనని పట్టుకుని, ఒరేయ్ చదువుకోరా, లేకపోతే నాలాగా ఇళ్ళు చూపించే బ్రోకరువి అవుతావు అని వెంటపడతాడు. వాడు వింటేగా! చిన్నప్పుడు మన మాట మనమే వినం. హాల్లో పగలబడి నవ్వాను, ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

అందులో టైమ్ మెషిన్ ఎలా పనిచేస్తుందో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. అక్కర్లేదు కూడా. పైగా ఇంటర్వెల్ దగ్గర ఆ చిన్నపిల్లలు ముగ్గురూ మెషిన్ ఎక్కి 2019కి

మోడరేటర్ | మధ్యాహ్నం 1:26

స్పాయిలర్ హెచ్చరిక లేకుండా ట్విస్టు చెప్పినందుకు పై పోస్టు చివర కత్తిరించాను. నియమాలు ఒకసారి చదువుకోండి.

సెకండాఫ్ బాధితుడు | మధ్యాహ్నం 1:29

ఏళ్ళు గడిచిన సినిమాకి కూడా స్పాయిలరా సార్! కత్తిరించింది కూడా ట్విస్టు తర్వాత నుంచే. 2019 అలాగే ఉంచేశారు.

మోడరేటర్ | మధ్యాహ్నం 1:30

చూసుకోలేదు. ఇక ఉండనివ్వండి.

లాజిక్ పురుగు | మధ్యాహ్నం 2:15

బాధితుడు చెప్పింది విన్నాక నా చిట్టా వాదన కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. చదువుకోమని మనల్ని మనమే బతిమాలుకోవాలనే కోరికకి ఏ రూలూ ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రేక్షకుడికి టైమ్ మెషిన్ గురించి ఏమీ తెలియకపోయినా తన చిన్నతనం గురించి తెలుసు. మెషిన్‌ని వివరించడం మానేసి, అది దొరికితే మొదట చేసే వెధవపని ఏమిటో చూపిస్తే చాలేమో.

కానీ గింబళి గారూ, మాయాబజార్ సైన్స్ ఫిక్షన్ అంటే మాత్రం ఇంకో పదేళ్ళు పోట్లాడతాను.

గింబళి | మధ్యాహ్నం 2:20

పదేళ్ళు ఇక్కడే ఉంటాను. తాతయ్య గారూ, మీ పిల్లలకి తర్వాత అదే పెట్టండి.

టైమ్‌మెషిన్ తాతయ్య | మధ్యాహ్నం 2:34

ఈ రాత్రికి అదే. 2010లో వచ్చిన రంగుల ప్రింటు పెడదామనుకుంటున్నా. నలుపు తెలుపంటే మావాళ్ళు ముందే మొహం చిట్లిస్తారు.

గింబళి | మధ్యాహ్నం 2:36

వద్దు! లాహిరి లాహిరి పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పరిచిన వెన్నెలకి రంగు పూస్తే ఏం మిగులుతుంది? మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, పెట్టె మూత తెరిచేదాకానే కదా.

రీరిలీజ్ రాజు | మధ్యాహ్నం 2:41

రంగుల ప్రింటు నేను థియేటర్లో చూశాను, అంత ఘోరంగా ఏం లేదు. పిల్లలు చూడటం ముఖ్యమా, వెన్నెల ముఖ్యమా?

గింబళి | మధ్యాహ్నం 2:42

వెన్నెల.

సెకండాఫ్ బాధితుడు | మధ్యాహ్నం 3:05

ఇంతకీ మొదటి పోస్టులో పేరు చెప్పని ఆ సినిమా ఏంటి తాతయ్యా?

టైమ్‌మెషిన్ తాతయ్య | మధ్యాహ్నం 3:07

చెప్పను.

బుజ్జి ఫ్యాన్ | మధ్యాహ్నం 3:08

మొదటి అక్షరం?

టైమ్‌మెషిన్ తాతయ్య | మధ్యాహ్నం 3:15

సత్యపీఠం ఎక్కించినా చెప్పను.